గీతకు బయట నాలుగు మిల్లీమీటర్లు

సంతకం పెట్టనని చెప్పాను.

ఓనరు విననట్టే పెన్ను మూత తీసి నా ముందు పెట్టాడు. హిందూపురం పారిశ్రామికవాడలో వెనక వరసలో ఉన్న రేకుల షెడ్డు ఆయనది. కంప్యూటరులో గీసిన బొమ్మను బట్టి ఇనుప పలకలు కోసే సీఎన్‌సీ మిషను ఒకటి, లేతు మిషన్లు రెండు, బర్రు బెంచీ ఒకటి, ఓనరుకు ఒక గాజు గది. నేను అక్కడ డ్రాయింగులు గీసే మనిషిని. ఆ శనివారం మధ్యాహ్నం ఆయన రిజెక్షన్ రిజిస్టరు పట్టుకుని గాజు గదిలోంచి నా దగ్గరికే వచ్చాడంటే సంగతి పెద్దదే. అందులో ఒక వరస ఆయన చేతిరాతతో అప్పటికే నిండి ఉంది. జకార్డు కొక్కేలు, నలభై, అన్నీ వాపసు. కారణం అన్న గడిలో రెండే మాటలు: డ్రాయింగు తప్పు. దాని పక్క గడి నా సంతకం కోసం ఖాళీగా ఉంది.

మా షెడ్డులో ఒక రూలుంది. ఎవరి పేరు మీద మూడు రిజెక్షన్లు పడితే వాళ్ళు ఆ సీటు దిగిపోవాలి. మగవాళ్ళయితే ఇంకో మిషను మీదికి మారతారు. నేను మారడానికి ఇంకో మిషను లేదు, ఉన్నది బర్రు బెంచీయే. కోసిన ఇనుము అంచుల్లో మిగిలే గరుకును ఆకురాయితో రుద్ది తీసే పని అది. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడను, చేరిన కొత్తలో ఏడాదిపాటు నేను చేసిందీ అదే. మూడేళ్ళు పాలిటెక్నిక్ చదివి కూడా ఏడాది ఆకురాయి పట్టి, ఆ తర్వాత కంప్యూటరు ముందు కుర్చీ సంపాదించాను. ఒకళ్ళు రాసిన రెండు మాటలకి దాన్ని వదులుకుని మళ్ళీ అక్కడికి పోయే ఉద్దేశం నాకు లేదు. నా పేరు మీద అప్పటికే రెండు సంతకాలున్నాయి.

మా పని ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. ఇనుమును కోసేది కట్టరు, అంటే గిర్రున తిరిగే లావుపాటి ఉక్కు పుల్ల. మా దగ్గర ఎక్కువగా వాడేది ఎనిమిది మిల్లీమీటర్ల లావుది. ఆ కట్టరు నడిమధ్య ఎక్కడెక్కడ నడవాలో మాత్రమే మిషనుకు చెప్తాం. నడిమధ్యను సరిగ్గా గీత మీదే నడిపిస్తే, అది గీతకు అటు నాలుగు, ఇటు నాలుగు మిల్లీమీటర్లు తినేస్తుంది. మనకు కావలసిన ముక్క ప్రతి పక్కా నాలుగు తగ్గిపోతుంది. అందుకని బొమ్మ చుట్టూ, గీతకు బయట నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఇంకో గీత పుట్టించాలి. రంధ్రమయితే గీతకు లోపల. దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. కట్టరు ఆ రెండో గీత మీద నడిస్తేనే మొదటి గీత బతుకుతుంది.

చెప్పడానికి ఇంతే. కానీ బొమ్మ లోపలికి వంగిన చోట, ఇరుకైన చోట, ఈ రెండో గీత తనను తానే దాటి చిక్కు పడుతుంది. సాఫ్ట్‌వేరు ఆ చిక్కును కత్తిరించి పారేస్తుంది. ఒక్కోసారి మనకు కావలసింది కూడా దానితోపాటే పారేస్తుంది, ఆ సంగతి నోరెత్తి చెప్పదు. ఎవరో ఒకరు కూర్చుని గీత వెంబడి కళ్ళు నడిపించి చూడాలి. నేను ధర్మవరంలో పట్టు మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. చిక్కు ఎక్కడ పడిందో కనిపెట్టడం నాకు పాలిటెక్నిక్ వాళ్ళు నేర్పినది కాదు.

ఆ రెండో గీతను మా షెడ్డులో పాత్ అంటారు. పాత్ వేసే కుర్చీ మాత్రం నాది కాదు. అది సీనియర్ ఆపరేటరుది. మనిషి చెడ్డవాడు కాదు. టీ తెప్పిస్తే నాకూ ఒక గ్లాసు చెప్తాడు, మిషను చప్పుడు విని కట్టరు అరిగిందని పసిగడతాడు. కానీ నేను ఆయన వెనక నిలబడి తెర వైపు చూస్తే చాలు, డ్రాయింగు అయిపోయిందా పాపా అని అడుగుతాడు. ఇక్కడ నీకేం పని అని దాని అర్థం. పాత్ కూడా నేనే వేస్తానని ఒకసారి ఓనరును అడిగాను. ఆడపిల్లలకు డ్రాయింగు చాలులేమ్మా, మిషను దగ్గర నూనె, ఇనుప రజను, నీకెందుకా పాట్లు అన్నాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని హోంవర్కు చేసినదానికి నూనె మరకల భయం చెప్పాడు. నవ్వు వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకున్నాను.

ఇక ఆ రెండు సంతకాలు. మొదటిసారి ముక్కలు ప్రతి పక్కా ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువొచ్చాయి. కట్టరు లావు ఎనిమిది. గీతకు బయట నడవాల్సిన కట్టరు లోపల నడిచిందని చిన్నపిల్లలు కూడా చెప్తారు, అయినా డ్రాయింగు తప్పని రాశారు. నేను కొత్త, సంతకం పెట్టాను. రెండోసారి ప్రతి పక్కా పాయింట్ రెండు ఎక్కువొచ్చింది. అరిగిన కట్టరును సాన పట్టించి తెచ్చారు, సాన పట్టాక అది సన్నబడిందని ఎవరూ కొలవలేదు, పాత లావే లెక్కలో పెట్టి పాత్ వేశారు. అప్పుడూ డ్రాయింగు తప్పే. అప్పటికి నేను కొత్త కాదు, అయినా పెట్టాను. గొడవెందుకులే అనుకున్నాను. ఆ రెండుసార్లూ ఒక్కో ముక్క నా సొరుగులో దాచుకున్నాను. ఎందుకు దాచానో నాకే తెలియదు, బహుశా నా పిరికితనం నాకు గుర్తుండాలనేమో.

కొక్కేల పని ధర్మవరంలో మగ్గం సామాన్లు అమ్మే అంగడాయన తెచ్చాడు. జకార్డు అంటే మగ్గం నెత్తిన కూర్చునే పెట్టె. చిల్లులు పొడిచిన అట్టల దండ ఒకటి దానికి వేలాడుతుంది, చీరలో ఏ బుటా ఎక్కడ రావాలో ఆ చిల్లుల్లో ఉంటుంది. నేసే మనిషి కాలితో తొక్కినప్పుడల్లా ఒక ఇనుప కొక్కెం నాలుగు పలకల దిమ్మను పావు వంతు తిప్పి, తర్వాతి అట్టను ముందుకు తెస్తుంది. పాత రకం జకార్డులకు ఆ కొక్కేలు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. కొక్కెం విరిగితే పెట్టె మొత్తం పాత సామానుకు వేసి, మగ్గం మానేసేవాళ్ళు ఉన్నారు. అందుకే మా ఊరి పని అనగానే నేను ముందుకు దూకాను.

అంగడాయన డ్రాయింగు తేలేదు. చీరల పెట్టె అట్ట ఒకటి చించి, దాని లోపలి తెల్ల వైపు కొక్కెం పెట్టి, చుట్టూ వడ్రంగి పెన్సిలుతో గీసుకొచ్చాడు. మా వైపు అందరూ అంతే. ముదిగుబ్బ నుంచి వేరుశనగకాయల మిషను చక్రాన్ని ఎరువుల సంచి మీద గీసుకొచ్చినవాళ్ళను కూడా నేను చూశాను. నేను ఆ అట్టను స్కాన్ చేసి, కంప్యూటరులో దాని మీదే గీతలు గీశాను. చెయ్యి వణికిన చోట నున్నగా చేశాను, వంకర పోయిన చోట సరిచేశాను, ఉబ్బిన చోట దించాను. శుభ్రమైన డ్రాయింగు. సీనియర్ దానికి గీత బయట నాలుగు మిల్లీమీటర్లు పెట్టి పాత్ వేశాడు. నలభై కొక్కేలు నిగనిగలాడుతూ ధర్మవరం పోయాయి. అలాగే నిగనిగలాడుతూ తిరిగొచ్చాయి. ఒక్కటీ పని చేయలేదు. కొన్ని బిగుసుకుంటున్నాయట. బిగుసుకోనివి కూడా దిమ్మను పూర్తిగా తిప్పక, అట్ట సగంలో నిలబడుతోందట.

ఇదీ ఆ శనివారం నా ముందున్న రిజిస్టరు కథ.

సంతకం పెట్టననే మాట ఇంకోసారి, ఈసారి కొంచెం గట్టిగా చెప్పాను. లేతుల చప్పుడు ఆగింది. ఓనరుది అమరాపురం వైపు, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడతాడు, కోపమొస్తే కన్నడం పాలు పెరుగుతుంది. ఇనుముకు దుడ్లు నువ్విస్తావా అని అడిగాడు. నేను సీనియర్ బల్ల మీదున్న ఒక వాషరు తీసుకున్నాను. తెల్లకాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, వాషరు ఎత్తి మళ్ళీ అదే గీత మధ్యలో పెట్టి చూపించాను. వాషరుకూ గీతకూ నడుమ సన్నని తెల్లటి సందు చుట్టూతా కనిపిస్తోంది.

"పెన్సిలు కూడా ఒక కట్టరే సార్. దాని మొన వస్తువు అంచు మీద నడవదు, అంచుకు బయట నడుస్తుంది. అంగడాయన గీసుకొచ్చింది కొక్కెం కాదు, కొక్కేనికి బయట ఇంకో గీత. మనం దాన్నే కొక్కెం అనుకుని, దానికి బయట నాలుగు పెట్టినాం."

ఓనరు వంగి చూశాడు, వాషరును వేలితో అటూ ఇటూ జరిపి చూశాడు. ఆయనకు తిక్క ఉంది కానీ తెలివి కూడా ఉంది. అప్పటికే సగం దిగొచ్చాడు. అప్పుడు సీనియర్ తన కుర్చీలోంచే ఒక మాట అన్నాడు. లావైతే బిగుసుకుంటాది సరే పాపా, దిమ్మ పూర్తిగా ఏంటికి తిరగదు, లావుగా ఉండే కొక్కెం ఇంకా బాగా అందుకోవల్ల కదా అని. మంచి ప్రశ్న. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండాల్సింది. కానీ ఆ గొంతులోని తాపీతనానికి నాకు ఒళ్ళు మండింది. అసలు కొక్కెం తెచ్చి మీ బల్ల మీద పెట్టి కొలిచి చూపిస్తాను, సోమవారం దాకా ఆగండి అన్నాను. ఓనరు రిజిస్టరు మూయలేదు, తెరిచే ఉంచి దాని మీద పెన్ను పెట్టి వెళ్ళాడు.

అసలు కొక్కెం తెస్తానన్నాను కానీ, అంగడాయన గీసుకున్న ఆ పాత కొక్కెం విరిగిపోయింది, తుక్కులో వేశాడు. ఆ రకం జకార్డు నాకు తెలిసి పని చేస్తున్నది ఒకే చోట ఉంది. మా ఇంట్లో, మా అమ్మ మగ్గం మీద. దాని మీద అప్పుడు సగం నేసిన చీర ఉంది.

సాయంత్రం రైల్లో పెనుకొండ దాకా నిలబడే వచ్చాను. అక్కడ కొంతమంది దిగితే కూర్చున్నాను. కిటికీలోంచి కొండ వైపు చూస్తూ అమ్మను ఎలా అడగాలా అని మాటలు పేర్చుకున్నాను. నాయన పోయాక మగ్గం అమ్మ చేతికొచ్చింది. ఆడమనిషి జకార్డు మగ్గం నేస్తుందా అని వీధిలో నోళ్ళు నొక్కుకున్నవాళ్ళే ఇప్పుడు ఆమె దగ్గరికి బుటాలు చూడటానికి వస్తారు. ఆమె పని మధ్యలో ఎవరైనా పిలిస్తేనే పలకదు. అలాంటి మనిషిని మగ్గం కొక్కెం ఊడదీసి ఇమ్మని అడగాలి.

పేర్చుకున్న మాటలన్నీ ఇంటికి పోయేసరికి ఎటో పోయాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అమ్మ నాడె అటూ ఇటూ విసరడం ఆపకుండానే విన్నది. రెండు రోజులు మగ్గం నిలబడుతుందని చెప్పాను. విన్నది. మూడో సంతకం గురించి చెప్పినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. రెండు పెట్టినట్టు నాకు చెప్పలేదే అంది. చెప్పలేదు, నిజమే. ఆ రెండుసార్లూ ఇంటికొచ్చి, అన్నం తిని, ఆఫీసులో అంతా బాగుందని చెప్పి పడుకున్నాను.

మర్నాడు ఆదివారం పొద్దున, చేతిలో ఉన్న బుటా వరస పూర్తి చేసి, ఆ చోటు తప్పిపోకుండా ముందున్న అట్ట చిల్లులో ఎర్ర దారం ముడేసి, అమ్మే స్టూలెక్కింది. నేనెక్కుతానంటే వద్దంది, నీకు పెట్టె సంగతి తెల్దు అంది. నాకు తెలియనిది ఏముందని మనసులో అనుకున్నాను. ఆ స్టూలును కదలకుండా పట్టుకుని కింద నిలబడ్డాను. బోల్టు విప్పి, కొక్కెం చీర కొంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టింది.

ఇనుము నల్లగా ఉంది. ముక్కు దగ్గర మాత్రం పచ్చగా మెరుస్తోంది. కందిగింజంత ఇత్తడి బొడిపె.

నాకు అది తెలియంది కాదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. దిమ్మను లాగి లాగి కొక్కెం ముక్కు అరిగిపోతుంది. అప్పుడు దాన్ని ఊడదీసి, గ్యాసు వెల్డింగు అంగడికి తీసుకెళ్ళి, అరిగిన చోట ఇత్తడి కరిగించి బొడిపె పెట్టిస్తారు. ఇంటికి తెచ్చి, దిమ్మ సరిగ్గా తిరిగేదాకా ఆకురాయితో రుద్దుకుంటారు. ఇత్తడి మెత్తన కాబట్టి రుద్దుకోవడం తేలిక, మళ్ళీ అరిగితే మళ్ళీ పెట్టించుకోవచ్చు. మా వీధిలో ప్రతి జకార్డు కొక్కెం ముక్కునా ఆ పచ్చటి బొడిపె ఉంటుంది. బయట ఊరివాడికి చెప్తే నవ్వుతాడేమో, పాత ఇనుముకు అతుకు మీద అతుకేంటని. ఆ అతుకే మా మగ్గాలను నడిపిస్తుంది.

అంగడాయన అట్టను స్కాన్ చేసిన బొమ్మ నా ఫోన్లో ఉంది. తీసి చూశాను. ముక్కు దగ్గర పెన్సిలు గీత చక్కగా ఉబ్బి ఉంది. అంగడాయన చెయ్యి వణకలేదు. పెన్సిలు జారలేదు. ఆ బొడిపెను చెరిపి నున్నటి వంపు గీసింది నేను. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న శుభ్రంతో, మా వీధి మొత్తానికి తెలిసిన విషయాన్ని మౌసుతో తుడిచేశాను. సీనియర్ అడిగిన ప్రశ్నకు జవాబు అదే. పెన్సిలు వల్ల కొక్కెం లావయింది, అందుకు కొన్ని బిగుసుకున్నాయి. దిమ్మ పూర్తిగా తిరగకపోవడానికి కారణం మాత్రం నేనే.

సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియక కాసేపు గుమ్మంలో కూర్చున్నాను. అమ్మకు చెప్పాను. ఆమె స్టూలు దిగి, కొక్కేన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

"మగ్గం కింద పుట్టినావు, మగ్గం కిందనే పెరిగినావు. ఇత్తడి తెల్దా నీకి?"

ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను, ఆమెకు మాత్రం నవ్వొచ్చింది. తర్వాత దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ఆచితూచి ఒక ఉపాయం చెప్పింది. పెన్సిలు సంగతి నిజమే కదా, అదే చెప్పు. ఇత్తడి సంగతి ఆ హిందూపురం షెడ్డులో ఎవరికి తెలుసు? కొత్త డ్రాయింగులో బొడిపె మళ్ళీ పెట్టెయ్యి, కొక్కేలు పని చేస్తాయి, అందరూ పెన్సిలుదే తప్పనుకుంటారు. నీ కుర్చీ నీకుంటుంది. అమ్మ అబద్ధాలు నేర్పే మనిషి కాదు. కూతురి కుర్చీ పోతుందని భయపడిన మనిషి, అంతే.

ఆ రోజంతా మగ్గం చప్పుడు లేని ఇంట్లో కూర్చుని ఆలోచించాను. అమ్మ చెప్పింది చాలా తేలిక. ఎవరికీ తెలియదు. కానీ ఆ రిజిస్టరులో నా పేరున్న రెండు వరసలూ అబద్ధాలే. నావి కాని తప్పులకు సంతకాలు పెట్టి, నాదైన తప్పును పెన్సిలు మీదికి తోసేస్తే, ఆ పుస్తకంలో నా గురించి ఒక్క నిజం కూడా ఉండదు. ఉద్యోగం ఉంటుంది, ఆ ఉద్యోగం చేసేది ఎవరో నాకే తెలియదు. పైగా తప్పు చేస్తే ఒప్పుకునే హక్కు కూడా మనదే. దాన్ని ఇంకొకళ్ళు నా చేతిలోంచి లాక్కుని, వాళ్ళకిష్టమైన గడిలో రాస్తే నేను ఊరుకోను. సాయంత్రానికి నా మనసు గట్టిపడింది. అమ్మతో చెప్తే, పెద్దగా నిట్టూర్చి, కొక్కేన్ని జాకెట్టు గుడ్డ ముక్కలో చుట్టి నా సంచిలో పెట్టింది. మంగళవారం పొద్దున్నకి ఇది నా మగ్గానికి ఉండల్ల అని మాత్రం అంది.

సోమవారం షెడ్డుకు అందరికంటే ముందు చేరాను. రిజిస్టరు అలాగే తెరిచి ఉంది. ఓనరు వచ్చాక, సీనియర్‌ను కూడా పిలిచి, అంగడాయన గీసిన అట్ట తెచ్చి బల్ల మీద పరిచాను. దాని మీద అమ్మ కొక్కెం పెట్టాను. చుట్టూతా గీతకూ ఇనుముకూ మధ్య అదే సన్నని సందు, వాషరు చుట్టూ కనిపించినట్టే. వెర్నియరుతో కొలిచాను, ముప్పావు మిల్లీమీటరు. ఓనరు తల ఊపాడు. అక్కడ ఆపేస్తే నేను గెలిచినట్టే. ముక్కు దగ్గర వేలు పెట్టి చూపించాను. ఇనుము ఇత్తడిగా మారి ఉబ్బిన చోటే, అట్ట మీద పెన్సిలు గీత కూడా ఉబ్బి ఉంది. కంప్యూటరులో నా డ్రాయింగు తెరిచాను. అక్కడ ఉబ్బు లేదు. ఇది అంగడాయన గీశాడు, నేను చెరిపేశాను, దిమ్మ తిరగకపోవడానికి కారణం ఇదే, లావు వల్ల బిగుసుకోవడం ఒకటి, ఇది ఒకటి, రెండోది నాది అని చెప్పాను.

ఓనరు పెన్ను నా వైపు జరిపాడు. మూడో సంతకం పెడతానని ఆయన అనుకున్నాడు, నేనూ పెట్టడానికే తీసుకున్నాను. కానీ ముందు సొరుగు లాగి ఆ రెండు ఇనుప ముక్కలు తీసి, వాటి డ్రాయింగుల పక్కన పెట్టాను. మొదటిది కొలిచి చూపించాను. ప్రతి పక్కా సరిగ్గా ఎనిమిది తక్కువ. డ్రాయింగు తప్పయితే ఒక పక్క ఎక్కువా ఒక పక్క తక్కువా వస్తుంది, కట్టరు లావంత నికరంగా చుట్టూతా రాదు. రెండోది కొలిచాను. ప్రతి పక్కా పాయింట్ రెండు ఎక్కువ. సాన పట్టిన ఆ కట్టరు ఇంకా డబ్బాలోనే ఉంది, కావాలంటే కొలవమన్నాను. ఓనరు కొలవలేదు. కొలిచింది సీనియరే. డబ్బా మూత తీసి, కట్టరును వెర్నియరు మధ్య పెట్టి, కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూసి, ఎనిమిది లేదు, ఏడు పాయింట్ ఆరు అన్నాడు. ఆ మాట అనాల్సిన అవసరం ఆయనకు లేదు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న కోపం సగం చల్లారింది.

రిజిస్టరు వెనక్కి తిప్పాను. మొదటి వరసలో నా సంతకం మీద అడ్డంగా గీత కొట్టాను. రెండు పేజీలు ముందుకొచ్చి రెండో సంతకం మీద కూడా కొట్టాను. ఓనరు మొహం ఎర్రబడింది.

"రిజిస్టరులో కొట్టేసేదానికి నీకు ఎవురు చెప్పినారమ్మా?"

"నా సంతకం సార్. నేను పెట్టిందే నేను కొట్టేస్తాండా."

తర్వాత ఆ శనివారం వరసకు వచ్చాను. డ్రాయింగు తప్పు అన్న రెండు మాటల కింద నా చేతిరాతతో రాశాను. పెన్సిలు గీతను అంచు అనుకున్నాం, ఎవరమూ అడగలేదు. ముక్కు బొడిపెను చెరిపింది నేను. దాని కింద సంతకం పెట్టాను, పూర్తి పేరుతో, గడి దాటి పోయేంత పెద్దగా. ఇప్పుడు లెక్కపెట్టుకోండి సార్, నా పేరు మీద ఒకటుంది అని రిజిస్టరు ఆయన వైపు తిప్పాను. బర్రు బెంచీకి పొమ్మంటే పోయేదాన్నే. కానీ ఒక్క తప్పుకు పోయేదాన్ని, మూడింటికి కాదు.

ఆయన ఆ పేజీ చదివాడు. కొట్టేసిన రెండు వరసలూ వెనక్కి తిప్పి చూశాడు. చివరికి రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుని, అంగడాయన మధ్యాహ్నం వస్తాండాడు, ఆయన చేతిలో పెట్టేదానికి కొక్కెం ఉండల్ల అనేసి గాజు గదిలోకి పోయాడు. సంతకం గురించి గానీ, సీటు గురించి గానీ ఇంకో మాట లేదు. ఆయన ఓడిపోయాడనీ అనను, నన్ను మెచ్చుకున్నాడనీ అనను. లెక్క సరిపోయింది, అంతే.

డ్రాయింగు మళ్ళీ గీశాను. గీతను ముప్పావు మిల్లీమీటరు లోపలికి లాగాను. ఇరుసు రంధ్రాన్ని అంతే పెంచాను, లోపలి నుంచి గీసిన పెన్సిలు దాన్ని చిన్నది చేసింది కదా. ముక్కు దగ్గర బొడిపెను పెట్టాను, నున్నగా చేయకుండా, ఉన్నది ఉన్నట్టు. అక్కడి నుంచి బయటికి నాలుగు. బొడిపె కింద ఇరుకుగా ఉన్న చోట చిక్కు పడుతుందని, దాన్ని చేత్తో విప్పుకోవాలని గీస్తున్నప్పుడే కనబడింది.

ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని సీనియర్ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీలోనే ఉన్నాడు, పాత్ వేసే తెర ముందర, మౌసు మీద చెయ్యి పెట్టుకుని. ఇన్నేళ్ళలో మొదటిసారి పాత్ గురించి నన్ను ఒక ప్రశ్న అడిగాడు.

"ఎంత పెట్టల్ల పాపా?"

"లెయ్యన్నా. నేను పెడతా."

ఆయన మౌసు మీది చెయ్యి తీశాడు. తర్వాత లేచాడు. కుర్చీ ఆయన ఎత్తుకు ఉంది. కింద మీట నొక్కి నా ఎత్తుకు సరిచేసుకుని కూర్చున్నాను.